ఫోనులో వచ్చిన కబురు - పొలములో చల్లు మందు
(ప్రసంగ పాఠము)



పొరుగు రైతు ఒక మందు మంచిదని చెప్పినచో, అతని చేను చూచి నిజానిజములు తెలిసికొనవచ్చును. వాట్సాప్‌లో వచ్చు కబురు ఏ ఊరిదో, ఏ పైరును గురించినదో తెలియదు. అయినను గుర్తించుటకు ఒక సాధనము ఆ ఫోనులోనే గలదు.

ఒకరి కబురును మరొకరికి యథాతథముగా పంపినచో దానిపై బాణపు గుర్తు పడును. ఈ ఏర్పాటు 2018లో వచ్చినది. మొదట పంపినవారి నుండి ఐదు చేతులు, అంతకు మించి మారిన కబురుపై రెండు బాణములుండును. 2020 నుండి అట్టి కబురును ఒక పర్యాయము ఒక్క చోటికే పంపవీలగును.

రెండు బాణములున్నంత మాత్రమున అది అబద్ధమని కాదు. వ్రాసినవారెవరో మీకు తెలియదని అర్థము. తప్పు కబురును చెరిపివేయవచ్చును గాని, చల్లిన మందును వెనుకకు తీయలేము. కావున మోతాదును డబ్బాపైనున్న లేబులుతో సరిచూడుడు. లేబులులో మీ పైరు పేరు లేనిచో చల్లవలదు. సందేహమున్నచో కిసాన్ కాల్ సెంటరుకు, 1800 180 1551 నంబరుకు, ఉదయము 6 గంటల నుండి రాత్రి 10 గంటల లోపుగా ఫోను చేయుడు. ఖర్చు లేదు, తెలుగులోనే సమాధానము చెప్పుదురు.

సరియని తేలిన కబురును వ్రేలితో నొక్కిపట్టి నక్షత్రపు గుర్తు పెట్టుకొనినచో మరల వెదకు పని యుండదు. ఇతరులకు పంపునపుడు తేదీ, పైరు పేరు, సరిచూచిన విధము జతపరచి పంపుడు.