పెరుగు, జలుబు, మా అక్క

 

"డాక్టరువి కదా, ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పు" అన్నారు నిర్వాహకులు. మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఈమధ్య తెగ తిరుగుతున్నవి ప్రోబయాటిక్స్. వాటి గురించే చెబుతాను.

మన చిన్నప్పుడు జలుబు చేస్తే పెరుగు ముట్టుకోనిచ్చేవారు కాదు. ఇప్పుడు జలుబు రాకుండా అలాంటి బాక్టీరియానే క్యాప్సూళ్లలో కొని మింగుతున్నాం. రెండూ కాస్త అతే.

పేగుల్లోని మేలుచేసే సూక్ష్మజీవులు మన రోగనిరోధక కణాలను ప్రభావితం చేస్తాయి. ఆ ప్రభావం ముక్కు, గొంతు, ఊపిరితిత్తుల దాకా వెళుతుందన్నది ఇక్కడి ఆలోచన. వట్టి ఊహ కాదు. 2022లో కాక్రేన్ సమీక్ష దాదాపు ఏడు వేల మందిపై జరిగిన పరీక్షలను కలిపి చూసింది. ప్రోబయాటిక్స్ వాడినవాళ్లలో జలుబు, గొంతునొప్పి లాంటివి వచ్చినవారు సుమారు నాలుగోవంతు తక్కువ. అయితే ఈ ఆధారాలు అంత గట్టివి కావని ఆ సమీక్షే చెప్పింది.

మన పక్కనే ఒడిశా పల్లెల్లో నాలుగున్నర వేల మంది నవజాత శిశువులపై జరిగిన పరిశోధన 2017లో నేచర్ పత్రికలో వచ్చింది. వారం రోజులు ప్రోబయాటిక్‌ను ప్రీబయాటిక్‌తో కలిపి ఇస్తే సెప్సిస్, మరణాలు కలిపి 9 శాతం నుంచి 5.4కు తగ్గాయి. ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లూ తగ్గాయి. అందులో వాడింది ఫలానా రకం బాక్టీరియా. ఆ ఫలితాన్ని మందుల షాపులోని ప్రతి డబ్బాకూ, మన ఇంటి తోడుకూ అంటగట్టలేం.

ఇక మా అక్క సంగతి. ఈ బడి మొదటి బ్యాచ్. షుగరు ఉంది. మూడేళ్ల కిందట దగ్గుతో ఫోన్ చేసి, "ప్రోబయాటిక్ వేసుకుంటున్నా తమ్ముడూ, మంచిదేగా?" అంది. ఓపీలో ఉన్నాను. "మంచిదే అక్కా, వేసుకో" అని పెట్టేశాను. జ్వరముందా, ఆయాసముందా అని అడగలేదు. బయటి రోగినైతే పది ప్రశ్నలు వేసేవాణ్ణి. ఆరో రోజు మెట్లెక్కలేక కూలబడింది. న్యుమోనియా. పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉంది. అక్క నన్ను ఒక్క మాటా అనలేదు. బావగారు మాత్రం, "నువ్వు చెప్పావనే ఆగాం" అన్నారు. క్యాప్సూల్ ఆమెకు హాని చేయలేదు. ఆగిన ఆరు రోజులు చేశాయి.

కాబట్టి వేసుకుంటానంటే కాదనను. కానీ ఆయాసం, మగత, తగ్గని జ్వరం ఉంటే ఫోన్ చేయకండి, ఆసుపత్రికి వెళ్లండి. అరవై దాటినవాళ్లం ఫ్లూ, న్యుమోకోకల్ టీకాల గురించి అడిగి వేయించుకుందాం. క్యాన్సర్ మందులు వాడేవాళ్లు, అవయవ మార్పిడి అయినవాళ్లు ప్రోబయాటిక్స్ సొంతంగా మొదలుపెట్టొద్దు. అవి బతికున్న సూక్ష్మజీవులు. అరుదుగానైనా రక్తంలోకి చేరగలవు.

అక్క మూడో వరుసలో కూర్చుంది, ఇదంతా చెప్పమన్నదీ తనే. మధ్యాహ్నం భోజనంలో గడ్డపెరుగు ఉందట. జలుబున్నవాళ్లూ వేసుకోవచ్చు.