ఆరుగురు దొంగలు, ఆరు అక్షరములు
(సంఘ పఠనగోష్ఠిలో చేసిన ప్రసంగ పాఠము)



నేడు కావ్యప్రసంగమును ఎదురుచూచి వచ్చినవారు మమ్ము మన్నింతురు గాక. మేము దొంగలను గూర్చి మాటాడ నిశ్చయించితిమి.

మా మనుమనికి పదునాలుగేండ్లు. బడిలో తమిళము, ఆంగ్లము నేర్చినాడు. తెలుగు మాటాడును గాని చదువలేడు. వేసవి సెలవులలో వాడు అన్నము మఱచి చదువుచున్న ఆంగ్ల నవలను, ఇందేమున్నదో చూతమను చులకనతో చేతికి తీసికొంటిమి. రెండు రాత్రులు దీపమార్పలేదు.

అది అమెరికా రచయిత్రి లీ బార్డుగో 2015లో ప్రకటించిన ‘సిక్స్ ఆఫ్ క్రోస్’. కథ కెటర్‌డామ్ అను కల్పిత రేవుపట్టణమున మొదలగును. కాలువలు, ఓడలు, వర్తకమునకే ఒక దేవుడు. ఆమ్‌స్టర్‌డామ్ ఛాయ స్పష్టము. పులికాటున గెల్డ్రియా కోట వెలయించిన డచ్చి వర్తకులను ఎఱిగిన మన తీరమువారికి ఆ గాలి మఱీ క్రొత్తది కాదు.

పదునేడేండ్ల కాజ్ బ్రెకర్ కుంటివాడు. చేతికఱ్ఱను, చేతితొడుగులను విడువడు. ఉత్తరదేశపు మంచుకోటలో నున్న శాస్త్రజ్ఞుని తప్పించి తెచ్చినచో మూడు కోట్ల క్రూగెలు ఇత్తునని ఒక వర్తకుడు వానితో బేరమాడును. ఆ శాస్త్రజ్ఞుని మందు మంత్రశక్తి గలవారి బలమును వెఱ్ఱిగా పెంచి, వారిని తనకే బానిసలుగా చేయును. కాజ్ మఱి యైదుగురను కూర్చుకొనును: గోడలెక్కు ఇనెజ్, గుండె చప్పుడును శాసింపగల నీనా, కోట గుట్టెఱిగిన సైనికుడు మథాయస్, గుఱి తప్పని జూదరి జెస్పర్, ప్రేలుడు మందులు కూర్చు వైలన్.

దొంగకథకు రుచి ఉపాయమున నున్నది. ఈ రచయిత్రి ఉపాయమును సగము చెప్పి సగము దాచును. అంతయు చెడెనని మనము బెంగపడు వేళకు, కాజ్ మనసులో మఱియొకటి యుండెనని తెలియును. కోట కావలివారితోపాటు మేమును మోసపోతిమి. అయినను కోపము రాలేదు. పుటలు వెనుకకు త్రిప్పి మరల చదివితిమి.

ఈ రుచి మనవారు పూర్వమే ఎఱుగుదురు. పల్లవుల కంచితో సంబంధము గల దండి సంస్కృతమున వ్రాసిన దశకుమారచరితమున, అపహారవర్మ చంపానగరపు లోభుల యిండ్లకు కన్నము వేయును. కొలతత్రాడు, మనిషి తల బొమ్మ, దీపములార్పుటకు తుమ్మెదల పెట్టె అతని సామగ్రి. బంగారమిచ్చు తోలుసంచి యని యొకదానిని చూపి ఊరిని నమ్మించును. పదుమూడవ శతాబ్దిలో కేతన దానిని తెనిగించి తిక్కనకు అంకితమిచ్చెను.

అయితే మమ్ము నిలువదీసినది వేఱొక సంగతి. అది కథ చివర తెలియునది. చదువ దలచినవారు క్షమింతురు గాక. వైలన్ ధనికుని కొడుకు. వానికి అక్షరములు పట్టుపడవు. ఇతరుల నోట విన్నంత మాత్రమున మంచుకోట పటము గీయగలడు. అయినను చదువురాని వానిని కొడుకని చెప్పుకొన తండ్రి సిగ్గుపడి, అందఱి యెదుట తృణీకరించును. తక్కిన యైదుగురి కన్నులతో అధ్యాయములున్నవి. వైలన్‌కు ఒక్కటియు లేదు. 2016 నాటి రెండవ భాగమున గాని అతని మనసు మనకు తెలియదు.

అచ్చట పుస్తకము మూసితిమి. గడచిన ఉగాదినాడు బంధువుల యెదుట, “వీనికి ఓనమాలైనను రావు, మన తెలుగు వీనితో సరి” అని మేము నవ్వుచు అంటిమి. బంధువులును నవ్విరి. మనుమడు లేచి లోనికి పోయెను. బడి నేర్పలేదు, నిజమే. సాయంకాలములందు తీరికగా కూర్చున్న మేము నేర్పితిమా? తప్పు మాది, సిగ్గును వాని నెత్తిన పెట్టితిమి.

ఆ రాత్రియే వానిని పిలిచి, అనరాని మాట అంటిమని చెప్పితిమి. వాడు కొంతసేపు ఊరకుండి, “ఆరుగురిలో నీకెవరు నచ్చినారు తాతా?” అనెను. వైలన్ అంటిమి. పిమ్మట అపహారవర్మ కథ చెప్పితిమి. తుమ్మెదల పెట్టె కాజ్ దగ్గఱ లేకపోయెనే యని వాడు విచారించెను. ఆ దొంగ పేరు తెలుగున వ్రాసి చూపుమనగా వ్రాసితిమి. వాడు వ్రేలితో లెక్కించి, “ఇవియు ఆరే” అనెను. నాటినుండి ఆ ఆరు అక్షరములును వానికి వచ్చును. తక్కినవి మెల్లగా వచ్చుచున్నవి.

మా మనవి యొక్కటే. పిల్లలు తెలుగు చదువలేదని ఈ గోష్ఠిలో వగచుటకు ముందు, వారు ఇష్టపడి చదువు పుస్తకమును నెలకొకటి మనము చదివి వత్తము గాక. సెలవు.