ఎండిన బోరు ఎవరి లెక్క?
(అధ్యక్షోపన్యాసం)



నల్లగొండ చెల్కల్లో బోరు బండి కంటే ముందు కొబ్బరికాయ వస్తుంది. పాయింటు పెట్టే పెద్దమనిషి కాయను అరచేతిలో పడుకోబెట్టుకొని గెట్టు వెంట నడుస్తాడు. కాయ లేచి నిలబడ్డ చోట గుర్తు పెట్టి పసుపు కుంకుమ చల్లుతారు. తెల్లారేసరికి రెండించుల నీళ్లు పడితే ఆయన చెయ్యి మంచిదంటారు. ఉత్త దుమ్మే లేస్తే రైతు అదృష్టం బాగాలేదంటారు. కాయ మీద మాత్రం మాట పడదు.

ఆ కాయ పద్ధతి సైన్సా, కాదా? తేల్చేదెవరు? ఇలాంటి ప్రశ్నతోనే కోర్టు మెట్లెక్కిన తత్వవేత్త మైకేల్ రూస్. 1940లో ఇంగ్లండులో పుట్టి, కెనడాలో చాలా ఏళ్లు పాఠాలు చెప్పి, 2024లో కన్నుమూశారు. బడిలో పరిణామ సిద్ధాంతం చెబితే దానికి సమానంగా, దేవుడే అన్నీ సృష్టించాడనే ‘సృష్టి విజ్ఞానం’ కూడా చెప్పాలని అమెరికాలోని అర్కన్సాస్ రాష్ట్రం 1981లో చట్టం చేసింది. దాని మీద నడిచిన కేసులో ఆ డిసెంబరులో రూస్ సాక్ష్యం చెప్పారు. ప్రకృతి నియమాలతో వివరించేది, పరీక్షకు అందేది, తప్పని తేలితే మార్చుకునేది సైన్సని ఆయన వాదన. జడ్జి విలియం ఓవర్టన్ 1982 జనవరి 5న ఇంచుమించు అవే కొలతలతో ఆ చట్టాన్ని కొట్టేశారు.

చిక్కు ఆ తర్వాత వచ్చింది. లారీ లాడన్ కూడా సైన్సు తత్వవేత్తే, సృష్టివాదాన్ని నమ్మినవారు కారు. అయినా తీర్పును తప్పుపట్టారు. ‘మీ మాట పరీక్షకే అందదు’ అంటే సృష్టివాదులు తేలిగ్గా తప్పించుకుంటారని ఆయన అభ్యంతరం. భూమి పుట్టి కొన్ని వేల ఏళ్లేనన్న మాట పరీక్షకు అందేదే. పరీక్షించారు, తప్పని తేలింది. ఆ సంగతే గట్టిగా చెప్పాలన్నారు లాడన్. పాలమూరు, నల్లగొండ గుట్టల్లోని గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. గెట్టు మీది బండ చాలు సాక్ష్యానికి.

మన దగ్గరా ఓ కేసు నడిచింది. విశ్వవిద్యాలయాల్లో ‘జ్యోతిర్విజ్ఞానం’ పేరుతో జ్యోతిషం కోర్సులు పెట్టాలని యూజీసీ 2001లో నిర్ణయిస్తే, హైదరాబాదులో సీసీఎంబీ పరిశోధన సంస్థను స్థాపించిన శాస్త్రవేత్త పుష్ప మిత్ర భార్గవ హైకోర్టుకు వెళ్లారు. అక్కడ ఓడి సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2004 మే 5న అక్కడా ఓడారు. ఏ కోర్సు పెట్టాలో తేల్చడం కోర్టుల పని కాదన్నది తీర్పు సారం. చెప్పిన జోస్యాల్లో ఎన్ని ఫలించాయి, ఎన్ని తప్పాయి అన్న లెక్క దాకా వ్యవహారం పోనేలేదు.

కాయకైతే ఆ లెక్క కట్టవచ్చు. 1980ల చివర్లో జర్మనీలో మ్యూనిక్ దగ్గర ఒక కొట్టంలో ఇలాంటి పరీక్షే పెట్టారు. కింది అంతస్తులో నీటి గొట్టాన్ని బండి మీద అటూ ఇటూ జరిపేవారు. అది ఎక్కడుందో, పుల్ల పట్టుకొని నీటి జాడ చెప్పేవాళ్లు పై అంతస్తు నుంచి చెప్పాలి. ఏరికోరి తెచ్చిన 43 మంది, 843 పరీక్షలు. కొందరికి నిజంగానే శక్తి ఉందని నిర్వాహకులు ప్రకటించారు. అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ ఎన్‌రైట్ అవే అంకెలు మళ్లీ చూసి, గుడ్డిగా చెప్పినా ఇంతే వస్తుందని తేల్చారు.

మరి మన దగ్గర కాయ చెప్పిన చోట అప్పుడప్పుడూ నీళ్లు పడతాయెందుకు? గ్రానైటు నేలలో పైనున్న మొరంలోనూ, కింద రాతి పగుళ్లలోనూ నీరుంటుంది. పగులు తగిలితే పడుతుంది, లేకుంటే లేదు. పడ్డ బోరు పక్కన మోటారు ఉంటుంది, పచ్చటి మడి ఉంటుంది, నలుగురూ చూస్తారు. ఎండిన బోరు మీద రాయి పెట్టి మరిచిపోతారు. నల్లగొండ దగ్గరి ముషంపల్లిలో మనుషుల కంటే బోర్లే ఎక్కువని పాత్రికేయుడు పి. సాయినాథ్ ‘ది హిందూ’లో రాశారు. వాటిలో ఎక్కువ భాగం అప్పటికే ఎండిపోయాయి. రైతు నెత్తిన మిగిలింది అప్పు.

లెక్క కడితే ఏమవుతుందో చూపిన జిల్లా కూడా ఇదే. ఇక్కడి వంగిన నడుములను, బిగుసుకుపోయిన కీళ్లను పూర్వజన్మ కర్మ అని సరిపెట్టుకుంటే కథ అక్కడే ఆగేది. డాక్టర్ ఎ.హెచ్. సిద్దిఖీ రోగులను పరీక్షించి 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో నీళ్లలోని ఫ్లోరైడుతో వచ్చే నల్లగొండ ఫ్లోరోసిస్‌పై వ్యాసం ప్రచురించారు. తర్వాత నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడు తగ్గించే పద్ధతిని తయారుచేసింది. ప్రపంచం దాన్ని ‘నల్లగొండ టెక్నిక్’ అంటుంది.

అందుకే ఈ సభకు ఒక్క విన్నపం. కొబ్బరికాయ పట్టిన పెద్దమనిషిని ఎగతాళి చేయొద్దు. ఆయనా మన ఊరివాడే. ఊరి బడిలో ఒక నోటుబుక్కు పెట్టండి. బోరు వేసిన ప్రతిసారీ పిల్లలతో నాలుగు సంగతులు రాయించండి: పాయింటు కాయతో పెట్టారా, జియాలజిస్టు మిషన్‌తో పెట్టారా, ఎన్ని అడుగులు దించారు, నీళ్లు పడ్డాయా. ఎండిన బోరును ఒక్కదాన్నీ వదలొద్దు. వచ్చే ఏడు ఆ బుక్కులు తీసుకొని రండి. ఈ వేదిక మీదే చదువుదాం.