మన పేరు వాళ్ళకు జోకెందుకైంది?

(ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం నాడు మైపాడులో యువత కోసం సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

ముందు కుర్చీలు ఖాళీగా వదిలేసి గోడవారన నిలబడే అలవాటు మనల్ని ఎప్పుడు వదుల్తుందో! రండి, ముందుకొచ్చి కూర్చోండి. ఈరోజు మాట్లాడబోయేది కూడా దాదాపు ఆ సంగతే.

మొన్న మన కాలనీ పిల్లవాడొకడు వారం రోజులు కాలేజీకి పోలేదు. జ్వరం అన్నాడు. ఒళ్ళు పట్టుకుని చూస్తే జ్వరం లేదు. సంగతేమంటే, క్లాసు వాట్సాప్ గ్రూపులో వాడి ఫొటో పెట్టి, 'ఏం యానాదీ, ఈరోజు ఎన్ని ఎలుకలు పట్టావ్?' అని రాశారు. దాని కింద వరసగా నవ్వు బొమ్మలు. మేము ఇద్దరు ముగ్గురం పోయి ఆ రాసిన పిల్లలతో మాట్లాడాం. చెడ్డపిల్లలు కారు. మేము వచ్చినందుకు నిజంగానే ఆశ్చర్యపోయారు. "అన్నా, సరదాకన్నాం. వాడూ నవ్వాడు, చూడండి" అని ఫోను చూపించారు. చూస్తే నిజమే. మనవాడు కూడా ఒక నవ్వు బొమ్మ పెట్టాడు.

ఆ బొమ్మ గురించే ఈరోజు మాట్లాడాలనుకున్నాం.

వాడు ఎందుకు నవ్వాడో మాకు బాగా తెలుసు. 1990ల్లో మన తీరం వెంబడి రొయ్యల గుంటలు తవ్వినప్పుడు మాలో చాలామందిమి వాటి మీద కాపలాకు పోయాం. యజమాని మమ్మల్ని పేరు పెట్టి పిలిచింది లేదు. 'ఒరే యానాదీ, మోటారు ఆపరా', 'యానాదీ, మేత చల్లావా'. కూలీ రాసే పుస్తకంలో కూడా అంతే. యానాది పెద్దోడు, యానాది చిన్నోడు, యానాది ముసిలోడు. మా నాయన పేరు ఆ పుస్తకంలో ఏనాడూ ఎక్కలేదు. కూలీ పంచేటప్పుడు ఎవరో ఒకరు మా మీద జోకు వేసేవాళ్ళు. అందరికంటే ముందు మేమే నవ్వేవాళ్ళం. నవ్వకపోతే 'ఈడికి పొగరెక్కిందిరా' అంటారు, మర్నాడు పని ఉండదు. ఆ నవ్వు కూడా కాపలా పనిలో భాగమే. దానికి విడిగా కూలీ ఇవ్వలేదంతే.

కాబట్టి 'వాడూ నవ్వాడు కదా' అనే మాటను మేము సాక్ష్యంగా ఒప్పుకోం. తిరిగి అదే జోకు వాళ్ళ మీద వెయ్యగలిగినవాడు నవ్వితే అది సరదా. వెయ్యలేనివాడు నవ్వితే అది వేరే సంగతి.

ఎలుకల మాట కూడా చూడండి. వరిచేలో ఎలుకలు పడితే రైతు మన గుడిసె దగ్గరికే వస్తాడు. కుండలో గడ్డి వేసి రాజేసి, బొక్కలోకి పొగ ఊది, ఏ దారిన ఎలుక బయటికొస్తుందో చూసి పట్టడం మనవాళ్ళకు తరాలుగా వచ్చిన పని. బొక్కలో ఎలుక దాచిన వడ్లు కూడా తవ్వి తీస్తారు. ఆ రైతు వచ్చి 'ఏమయ్యా, ఎన్ని ఎలుకలు పట్టావ్?' అంటే అది లెక్క అడగడం. డబ్బిచ్చి పోతాడు. అదే మాట క్లాసు గ్రూపులో అంటే పిల్లవాడు వారం రోజులు ముసుగు తన్ని పడుకున్నాడు. మాట మారలేదు, ఎలుకా మారలేదు. ఎవరు, ఎవరి ముందు, ఎందుకు అన్నారన్నదే మారింది.

మన విషయంలో ఇంకో చిక్కుంది. మామూలుగా ఒక జాతిని ఎగతాళి చెయ్యాలంటే ఏదో మారుపేరు పెడతారు. మనకు ఆ శ్రమ కూడా తీసుకోలేదు. మన సొంత పేరునే తిట్టు చేశారు. అనాది కాలం నుంచీ ఉన్నవాళ్ళు గనక యానాదులు అని మన పెద్దలు చెప్పుకుంటారు. ఇప్పుడు రాకెట్లు ఎగిరే శ్రీహరికోట దీవి ఒకప్పుడు మనవాళ్ళు తేనె, దుంపలు, మందుమూలికలు ఏరుకున్న అడవి. 2011 జనాభా లెక్కల్లో మనం ఐదు లక్షల పైచిలుకు. నెల్లూరు జిల్లా గిరిజనుల్లో అందరికంటే ఎక్కువమందిమి. అలాంటి పేరును, తల దువ్వుకోని కూతుర్ని మందలించడానికి ఊళ్ళో తల్లి వాడుతుంది, 'యానాదిదానిలా తయారయ్యావేంటే' అని. ఆమెకు మన మీద కోపమేమీ లేదు. మనం ఆమె మనసులోకే రాలేదు. ఆ మాటకు మురికి అని అర్థం అనుకుంటుంది, అంతే. మమ్మల్ని ఎక్కువ బాధపెట్టేది ఇదే. కోపంతో తిట్టినవాడికి కనీసం ఎదురుగా మనిషి కనపడతాడు.

ఈ అర్థం దానంతటదే పుట్టలేదు. 1871లో ఇంగ్లీషువాళ్ళు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు. పుట్టుకతోనే కొన్ని జాతులు నేరస్థులని కాగితం మీద రాసుకున్న చట్టం అది. 1911 తర్వాత మద్రాసు రాజధానిలోనూ అమలయింది. మన జిల్లాలోనే బిట్రగుంట దగ్గర కప్పరాళ్ళతిప్పలో సెటిల్‌మెంటు ఉండేది. అటువైపు బాపట్ల దగ్గర ఎరుకల సోదరులకు స్టువర్టుపురం. ఆ చట్టం మీదా, మన బతుకుల మీదా జీవితమంతా పనిచేసినవాళ్ళలో వెన్నెలకంటి రాఘవయ్యగారు మన నెల్లూరువారే. 1952లో చట్టం పోయింది. ఊరి పేరు మాత్రం ఇంకా విడుదల కాలేదు. 'స్టువర్టుపురం నుంచి వచ్చావా?' అనే జోకు ఇప్పటికీ ఎవరి పర్సు పోయినా వినపడుతుంది. 2023లో 'టైగర్ నాగేశ్వరరావు' సినిమా టీజర్ తమ జాతిని కించపరిచేలా ఉందని హైకోర్టులో పిల్ కూడా పడింది. ఆ ఊళ్ళో పుట్టి ఉద్యోగానికి పోయే పిల్లవాడు ఊరి పేరు చెప్పేముందు ఒక్క క్షణం ఆగాల్సి రావడం గురించి ఏ సినిమా తియ్యరు.

'ఇదంతా అతిగా పట్టించుకోవడం, మా మీద జోకులు లేవా?' అని మన ఫ్రెండ్సే అడుగుతారు. ఉన్నాయి. తెలుగువాళ్ళను బయటి రాష్ట్రాల్లో 'గుల్టి' అంటారు. తెలుగు అనే మాటను తిరగేసి పుట్టించిన పేరట. మనకు చెన్నై దగ్గరే గనక విన్నవాళ్ళు మీలోనూ ఉంటారు. ఉత్తరాదిలో దక్షిణాది వాళ్ళందరూ 'మదరాసీ'లే. గుల్టి అన్నందుకు హాస్టల్లో తన్నుకున్నవాళ్ళు, మర్నాడు 'అరవోడు' అని నవ్వుకుంటారు, ఊరికొచ్చి 'యానాదోడు' అని పిలుస్తారు. తనకు తగిలినప్పుడు అవమానం, ఇంకొకడికి తగిలినప్పుడు హాస్యం. గుల్టి అనిపించుకున్న ఇంజినీరు ఉద్యోగం ఆ మాటతో పోదు, ఇల్లు అద్దెకు దొరక్కుండా ఉండదు. ఆ తేడా కూడా వాళ్ళకు మెల్లగా చెప్పండి. తన్నుకోకుండా చెప్పండి.

ఎదుటి వాదాన్ని దాచిపెట్టం. అమెరికాలో వాషింగ్టన్ ఫుట్‌బాల్ జట్టుకు 1933 నుంచీ 'రెడ్‌స్కిన్స్' అని పేరు. ఎర్రతోలు వాళ్ళు అని. అక్కడి ఆదివాసీ సంఘాలు దశాబ్దాలు పోరాడాయి. మధ్యలో 2016లో ఒక పత్రిక ఐదొందల మంది ఆదివాసీలను అడిగితే పదిమందిలో తొమ్మిదిమంది 'మాకేం బాధ లేదు' అన్నారు. మరి సంఘాలది అనవసర రాద్ధాంతమా? మేము చాలాసేపు వాదించుకున్నాం దీని మీద. మాలో ఒకరు అన్న మాట ఇక్కడ చెప్తాం. "ఆ రొయ్యల గుంట దగ్గరికి ఎవరన్నా పుస్తకం పట్టుకొచ్చి, నిన్ను యానాదీ అంటే బాధా అని అడిగుంటే, నేనూ లేదనే చెప్పేవాణ్ణి." 2020లో ఆ జట్టు పేరు తీసేసింది.

మరి మనమూ పేరు మార్చుకుందామా? మీలో కొందరు ఆ మాట అంటున్నారు. ఇంటర్వ్యూల్లో 'ఎస్టీ' అని ఆగిపోతున్నారు, ఏ ఎస్టీ అంటే మాట మారుస్తున్నారు. తప్పు పట్టం. పేర్లు మార్చుకున్నవాళ్ళు ఉన్నారు. పిచ్చిగుంట్ల అనే మాట భరించలేక వాళ్ళు వంశరాజ్ అన్న పేరు తెచ్చుకున్నారు. బాగా చేశారు, అది వాళ్ళ మీద ఇతరులు రుద్దిన పేరు. నక్కలోళ్ళ సంగతి ఇంకా విచిత్రం. వాళ్ళ భాషలో వాళ్ళు వాగ్రి. ఊళ్ళవాళ్ళు పెట్టిన 'నక్కల' అనే పేరుతోనే ఎస్టీ జాబితాలోకి ఎక్కారు. సర్టిఫికెట్టు కావాలంటే ఆ ఎగతాళి పేరే రాయించుకోవాలి. మనది అలా కాదు. ఈ పేరు మనది. మురికి వాళ్ళు పూసింది. మురికి అంటిందని చొక్కా పారేస్తామా? ఉతుక్కుంటాం. పైగా కొత్త పేరు పెట్టుకుంటే పదేళ్ళలో అదీ తిట్టవుతుంది. మనల్ని చూసే కన్ను మారలేదు గనక.

ఇప్పుడు కాస్త ఇబ్బంది పెట్టే మాట. మనలో మనం ఏం చేస్తున్నాం? మంచి యానాదులం, రెడ్డి యానాదులం అని చెప్పుకునేవాళ్ళు చల్లా యానాదులను ఏమంటారో, పెళ్ళి సంబంధం వస్తే మూతి ఎలా తిప్పుతారో మనందరికీ తెలుసు. కప్పలు తిన్నారని కొందరిని 'కప్పల యానాదులు' అన్నట్టు 1909లో థర్‌స్టన్ దొర పుస్తకంలోనే ఉంది. ఆయనకు ఆ మాట చెప్పినవాళ్ళు పైకులాలవాళ్ళే అనుకోకండి. ఎరుకలవాళ్ళ పందుల మీద మనం జోకులు వేస్తాం. పక్కనే సముద్రం మీద బతికే పట్టపోళ్ళ మాటలో అరవ యాసను వెక్కిరిస్తాం. వీటికి ఏ వాట్సాప్ గ్రూపూ అక్కర్లేదు, టీకొట్టు చాలు.

చట్టం సంగతి. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. 2016 జనవరి నుంచి అమలైన సవరణతో, నలుగురి ఎదుట కులం పేరుతో దూషించడం విడిగా సెక్షన్ 3(1)(ఎస్) కింద నేరం. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా శిక్ష పడొచ్చు. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చెయ్యాలి. నాలుగు గోడల మధ్య, బయటివాళ్ళెవరూ లేనిచోట అన్నదానికి ఇది వర్తించదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంటర్నెట్‌లో పెట్టిన దూషణ నలుగురి ఎదుట అన్నట్టేనని 2022లో కేరళ హైకోర్టు ఒక కేసులో చెప్పింది. అందుకని స్క్రీన్‌షాట్ తీసి, తేదీ కనపడేలా దాచండి. కోపంలో డిలీట్ చెయ్యకండి. ఇంకో సంగతి, మనలో మనం అనుకునేదానికి ఈ చట్టం వర్తించదు. అవతలివాడు ఎస్సీ, ఎస్టీ కానివాడై ఉండాలి. అక్కడ మనకు మనమే చట్టం.

ప్రతి జోకునూ స్టేషనుకు పట్టుకుపొమ్మని చెప్పడం లేదు. పద్దెనిమిదేళ్ళ పిల్లల మీద కేసు పెట్టి కోర్టుల చుట్టూ తిప్పితే మనవాడి చదువు కూడా పోతుంది. వద్దన్నాక కూడా అంటే, మీద చెయ్యి పడితే, కూలీ ఎగ్గొట్టడానికి ఆ మాట వాడితే వెనకాడొద్దు. మాట దగ్గర మొదలైంది మాట దగ్గర ఆగుతుందని నమ్మకం లేదు. 2014 జనవరిలో ఢిల్లీ లాజ్‌పత్‌నగర్‌లో అరుణాచల్ ప్రదేశ్ విద్యార్థి నీడో తానియా జుట్టును చూసి దుకాణంలో నవ్వారు. అతను ఊరుకోలేదు. గొడవైంది, కొట్టారు. మర్నాటికి ప్రాణం లేదు.

మన పిల్లవాడి సంగతికొస్తే, మేము కేసు వద్దన్నాం. వాడే వద్దన్నాడని చెప్పడం సరైన మాట. ఎనిమిదో రోజు కాలేజీకి పోయాడు. గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ పెట్టాడు, మాకూ వినిపించాడు. "నా పేరు మీకు తెలుసు, దాంతో పిలవండి. నేను యానాదినే, దాపరికం లేదు. ఎలుకలు ఎలా పడతారో తెలుసుకోవాలంటే ఆదివారం మా నాయన పొలంలో ఉంటాడు, రండి." ఇద్దరు నిజంగానే వచ్చారు. ఒకడు పొగ కళ్ళల్లోకి పోయి గంటసేపు ఏడ్చాడు, మేము చాలా నవ్వాం. వాడూ నవ్వాడు. గ్రూపులో మిగతావాళ్ళు ఏమీ అనలేదు, క్షమించమని కూడా అడగలేదు.

పోయేముందు ఒక పని. తలుపు దగ్గర బల్ల మీద నోటు పుస్తకం పెట్టాం. మీ ఇంట్లో తాతల, అవ్వల అసలు పేర్లు రాయండి. పెంచలయ్యో చెంచమ్మో, ఏదైనా సరే. ఊరు పిలిచింది కాదు, వాళ్ళ అమ్మ పిలిచింది రాయండి. తెలియకపోతే ఇంటికి పోయి అడిగి, రేపు రాయండి. మొదటి పేజీలో మొదటి పేరు మా నాయనది. మేమే రాశాం.