ఇచ్చారు కాదు, మనకు రావాల్సింది



ఈవేళ మాటల గురించి మాట్లాడుకుందాం. మాటలతో కడుపు నిండుతాదా అంటారేమో. నిండదు. కానీ కడుపు కొట్టడానికి మాటలే చాలు.

ఊరికి చెప్పులు కుట్టింది మనమే. డప్పు కొట్టింది, చచ్చిన పశువును ఈడ్చింది, నాటింది, కోసింది మనమే. ఊరికి అన్నీ సమకూర్చింది మనం. దానికి ఊరు పెట్టిన పేరు వెట్టి. కళ్లంలో మనకు కొలిచిన నాలుగు గింజలకు మాత్రం ధర్మం అని పేరు. ఎంత మోసమో చూడండి!

ఇప్పుడు ఆఫీసు మాటలొచ్చాయి. కేటాయింపు అంటే కాగితం మీద లెక్క. మంజూరు అంటే సంతకం. సరఫరా అంటే సరుకు బయల్దేరడం. పంపిణీ అంటే మన చేతికందడం. ఈ నాలుగింటి మధ్యా బొక్కలున్నాయి. ఆఫీసరు "ఇచ్చేశాం" అంటే, నాలుగింటిలో ఏది అయిందని అడగాలి.

లక్ష్మీపేటను మరవొద్దు. వంగర మండలం అప్పుడు శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి విజయనగరం జిల్లా. మడ్డువలస రిజర్వాయరుకని ప్రభుత్వం సేకరించి, ముంపు పడకుండా మిగిలిన భూమిని మనోళ్లు దున్నుకున్నారు. 2012 జూన్ 12న అయిదుగురు దళితుల్ని చంపేశారు. భూమి కంటికి కనబడితే సమకూర్చినట్టు కాదు. పట్టా, దారి, నీరు, ప్రాణానికి రక్షణ కూడా ఉంటేనే సమకూర్చినట్టు.

బావి, చెరువు, స్నానఘట్టం, రోడ్డు వాడుకోవడంలో కులం పేరుతో అడ్డు పెట్టకూడదని రాజ్యాంగం 15వ అధికరణం చెబుతోంది. జనాభాలో మన వాటా ఎంతో బడ్జెట్టులో ప్రణాళికా నిధుల వాటా అంత ఉండాలని సబ్‌ప్లాన్ చట్టం 2013లో వచ్చింది. పదేళ్ల గడువు తీరబోతే ఆంధ్రప్రదేశ్‌లో 2023లో పొడిగించారు. ఇది ఎవరి జేబులో డబ్బూ కాదు.

కాబట్టి అర్జీలో "దయతో ఇప్పించ ప్రార్థన" అని రాయకండి. "చట్టం ప్రకారం మాకు రావాల్సింది ఇది. ఎంత కేటాయించారు, ఎంత ఖర్చయింది, ఎక్కడ ఆగింది, రాతపూర్వకంగా చెప్పండి" అని రాయండి. 2005 సమాచార హక్కు చట్టం ఉంది. వాడండి. రసీదు తీసుకోండి. పేటలో అందరికీ చదివి వినిపించండి.

దండం పెట్టి అడిగితే దానమంటారు. లెక్క అడిగితే హక్కు అని ఒప్పుకోక తప్పదు.

జై భీం!