బడిపిల్లలు – బహిరంగ శిల్పములు

బడికి పోవు దారిలోని విగ్రహము ఎవరిదని మీ యింటి పిల్లవానిని అడుగుడు. వెంటనే చెప్పును. దానిని ఎవరు చేసిరి, దేనితో చేసిరి అని అడిగినచో తెల్లమొగము వేయును. ఈ లోటును కొంత తీర్పవలెనని శిల్పులము కొందఱము హైదరాబాదు పాఠశాలలకు పోవుచున్నాము.

మేము ఉపన్యాసముతో మొదలుపెట్టము. పిల్లలకు బంకమట్టి ముద్దలను, సబ్బుబిళ్ళలను పంచి, మట్టితో మనిషిని చేయుమందుము, సబ్బును చెక్కుమందుము. పావుగంటలో వారికే తెలియును: మట్టిలో తప్పిన ముక్కును మరల అతుకవచ్చును, సబ్బులో పోయిన ముక్కు పోయినదే. చేయి చాచిన బొమ్మను చెక్కబోయిన వారి సబ్బు తఱచు విఱుగును. ఏల విఱిగినదో వారినే చెప్పనిత్తుము. (ఈ పూట తరగతిగది నేలను తుడుచు భారము కూడ మాదే.)

ఆ పిమ్మటనే హుస్సేన్‌సాగరమునకు ప్రయాణము. అందలి బుద్ధ విగ్రహము 58 అడుగుల యెత్తు, సుమారు 350 టన్నుల బరువు గలది. భువనగిరి చెంతనున్న రాయగిరిలోని ఏకశిల. గణపతి స్థపతి ఆధ్వర్యమున చెక్కబడినది. అభయహస్తము దేహమునకు చేరువగా ఏల నున్నదో, సబ్బు విఱిగినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. 1990 మార్చి 10వ తేదీన విగ్రహమును తీసికొనిపోవుచుండగా నావ ఒరిగి అది నీట మునిగెను. రెండేండ్లకు పైగా అడుగున నుండి, 1992 డిసెంబరులో నిలువబడెను. "అన్నాళ్ళు నీళ్ళలో నున్నను కరగలేదా?" అని ఒక బాలిక అడిగెను, సబ్బు ఇంకను ఆమె మనస్సున నున్నది. అందఱును నవ్విరి. ఆ నాడు పనివారు కొందఱు మరణించిరని చెప్పిన వెనుక ఎవరును నవ్వలేదు.

తిరిగివచ్చి, చెన్నపట్టణపు సముద్రతీరమున 1959లో నెలకొల్పబడిన దేవీప్రసాద్ రాయ్ చౌదరి 'శ్రమ విజయము' ఛాయాచిత్రమును చూపుదుము. బండను కదలించుటకై నలుగురు శ్రామికులు ఒడలు వంచి పెనుగులాడుచుందురు. "ఇది రాతితో అగునా?" అందుము. "కాదు!" అని తరగతి యంతయు అఱచును. మట్టిబొమ్మకు అచ్చు తీయుట, మైనము కరగిన చోట కంచు పోయుట అప్పుడు వివరింతుము. ఇంతకును ఆ నలుగురు ఎవరు? రాజులు కారు, నాయకులు కారు. ఈ ప్రశ్నయొద్ద పిల్లలు ఎక్కువసేపు నిలుతురు.

ట్యాంకుబండుమీది విగ్రహములు కొన్ని 2011 మార్చిలో ఉద్యమకాలమున ఏల పగులగొట్టబడినవని పెద్దపిల్లలు అడుగకపోరు. అచట ఎవరు నిలువదగుదురన్న తగవును మేము తీర్పము. మీ వీధిలోనైన ఎవరిని నిలుపుదురు, దేనితో చేయుదురు, సొమ్ము ఎవరిత్తురు అని తిరిగి అడుగుదుము. గంట కొట్టినను ఈ వాదము ఆగదు. కావుననే ప్రధానోపాధ్యాయులను ఒక గంటకు బదులు ఒక పూట కోరుచున్నాము. బహుమతుల పోటీ మాత్రము వలదనుచున్నాము. మొన్న ఒక తరగతివారు తమ వీధి ఊడ్చు అవ్వను ఎన్నుకొనిరి. చీపురు పట్టిన చేయి విఱుగకుండవలెను గనుక, ఆమెను కంచుతోనే చేయవలెనట.