డైరీకి పాట కట్టొచ్చా?

(మండల కేంద్రంలో జరిగిన పాటగాళ్ల శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



రాత్రి అన్నాలయ్యాక మన దళం పిల్లలు ఒక మాట తెచ్చారు. బళ్లో మేం చదివి వినిపించిన ఆన్ ఫ్రాంక్ డైరీని పాటల నాటకం చేసి వాడవాడలా ఆడదామన్నారు. ఆ మాట పూర్తి కాకముందే ఒక పెద్దాయన లేచి, "చంపేసిన పిల్ల మీద పాటలూ చిందులూనా? సిగ్గు లేదా?" అని కోప్పడ్డాడు. పిల్లల ఉత్సాహం తప్పు కాదు, పెద్దాయన కోపమూ తప్పు కాదు. అందుకని ఈపూట ఆ సంగతే మాట్లాడుకుందాం.

ముందు తెలియని వాళ్లకోసం కథ. ఆన్ ఫ్రాంక్ 1929 జూన్ 12న జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టిన యూదుల పిల్ల. హిట్లర్ గద్దెనెక్కాక ఆ కుటుంబం హాలెండ్ దేశానికి, ఆమ్‌స్టర్‌డామ్‌కు వలసపోయింది. 1940లో జర్మన్ సైన్యం అక్కడికీ వచ్చింది. యూదులు బట్టల మీద పచ్చ నక్షత్రం కుట్టుకోవాలి. ట్రామెక్కకూడదు. సైకిళ్లు అప్పజెప్పాలి. సాయంత్రం మూడూ అయిదూ మధ్యనే సరుకులు కొనుక్కోవాలి. సినిమాకు పోకూడదు, ఈతకొలనులో దిగకూడదు, వేరే బళ్లోనే చదవాలి. ఈ జాబితా ఆ పిల్లే డైరీలో రాసుకుంది. చెరువు గట్టున, బడి వరండాలో, హోటల్ గ్లాసు దగ్గర మనవాళ్లు పడ్డది తెలిసినవాళ్లకు దీన్ని విప్పి చెప్పనక్కర్లేదు. అట్లాగని రెండూ ఒకటేనని చప్పున అనెయ్యొద్దు. వాళ్ల చరిత్ర వాళ్లది, మన చరిత్ర మనది. పక్కపక్కన పెట్టి చూద్దాం, కలిపి కలగాపులగం చెయ్యొద్దు.

పదమూడో పుట్టినరోజుకు, 1942లో, ఆ పిల్లకు డైరీ వచ్చింది. జూలై 6న కుటుంబమంతా తండ్రి ఆఫీసు వెనకభాగంలో దాక్కుంది. మొత్తం ఎనిమిదిమంది. ఆఫీసులో పనిచేసేవాళ్లు కొందరు ప్రాణాలకు తెగించి తిండీ పుస్తకాలూ అందించారు. రెండేళ్ల ఒక నెల అట్లా గడిచింది. 1944 ఆగస్టు 4న పోలీసులొచ్చి పట్టుకుపోయారు. ఆన్, ఆమె అక్క మార్గోట్ 1945 మొదట్లో బెర్గెన్-బెల్సెన్ క్యాంపులో జబ్బుపడి చనిపోయారు. ఎనిమిదిమందిలో తండ్రి ఆటో ఒక్కడే బతికి తిరిగొచ్చాడు. ఆఫీసులో పనిచేసే మీప్ అనే ఆమె దాచిపెట్టిన కాగితాలు ఆయన చేతికిచ్చింది. 1947లో అది పుస్తకమయ్యింది.

ఇక పాట సంగతి. ఈ ప్రశ్న మనకే వచ్చిందనుకోకండి. 2008లో స్పెయిన్ దేశంలో, మాడ్రిడ్‌లో, ఈ డైరీని పెద్ద పాటల నాటకంగా వేశారు. ఇసబెల్లా కాస్తిల్లో అనే క్యూబా పిల్ల ఆన్ వేషం కట్టింది. ఆన్‌కు వరసకు అన్న అయ్యే బడ్డీ ఎలియాస్ దీన్ని వద్దన్నాడు. ఆయన స్వయానా నటుడు. పుస్తకం హక్కులు చూసే బాసెల్ సంస్థకు అప్పట్లో పెద్ద. ఇంత ఘోరం ఆటపాటలకు పనికొచ్చే సరుకు కాదన్నది ఆయన వాదన. వాళ్లు దాక్కున్న ఇంటిని మ్యూజియంగా నడిపే ఆమ్‌స్టర్‌డామ్ సంస్థ మాత్రం సహకరించింది. ఒకే పిల్ల జ్ఞాపకాన్ని కాపాడే రెండు సంస్థలు రెండు మాటలు చెప్పాయి. అంటే ఇది తేలికగా తేలే తగాదా కాదు.

అంతకుముందూ పాటలున్నాయి. రష్యాలో గ్రిగోరీ ఫ్రీద్ ఒక్క గొంతు కోసం కట్టిన సంగీత నాటకం 1972లో మాస్కోలో మొదటిసారి వినిపించారు. అందులో గాయని ఒక్కతే, ఆ పిల్ల మాటలే. న్యూయార్క్‌లో 1985లో ఇంకొకటి ఆడారు.

అసలు చిక్కు పాటతో మొదలవలేదు. 1955లో న్యూయార్క్‌లో ఆడిన మాటల నాటకంతోనే మొదలయ్యింది. గుడ్‌రిచ్, హాకెట్ అనే భార్యాభర్తలు రాశారు. పెద్ద బహుమతులొచ్చాయి, దేశదేశాల ఆడింది. 1956లో జర్మనీలోనే చాలా ఊళ్లలో వేస్తే జనం చప్పట్లు కొట్టడానికి చేతులాడక మౌనంగా లేచిపోయారట. ఆ గొప్ప దానికివ్వాల్సిందే. కానీ ఒక సంగతి చూడండి. డైరీలో ఆ పిల్ల "మేం యూదులం గనక మాకీ బాధ" అనే అర్థంలో రాసినచోట, నాటకంలో పిల్ల "బాధపడ్డది మనమొక్కళ్లమేనా, ఒక్కోసారి ఒక్కో జాతి పడుతూనే ఉంది" అన్న ధోరణిలో మాట్లాడుతుంది. అందరికీ అర్థం కావాలని మార్చామన్నారు. మయర్ లెవిన్ అనే యూదు రచయిత ముందే ఒక నాటకం రాసిపెట్టుకున్నాడు. దాన్ని కాదన్నారు. పిల్లని ఉంచి యూదుతనాన్ని తీసేశారని ఆయన కోర్టుకెక్కాడు, ఏళ్ల తరబడి కొట్లాడాడు.

ఈ విద్య మనకు కొత్తా? కారంచేడు 1985లో, చుండూరు 1991లో జరిగాయి. ఆ తర్వాత సభల్లో "మానవత్వం మంటగలిసింది" అని మాట్లాడినవాళ్లను చూశాం. మానవత్వమంటారుగాని, చచ్చింది మాదిగలని, మాలలని అనడానికి నోరు రాదు. చంపిందెవరో అసలే రాదు. పేరు తీసేస్తే అందరూ ఏడవగలరు. ఎవరూ జవాబు చెప్పక్కర్లేదు.

మమ్మల్నీ వదలొద్దు. మా తప్పొకటి చెబుతాం. కొన్నేళ్ల కింద మా వాడలో ఒక కుర్రాణ్ణి కొట్టి చంపారు. మేం పాట కట్టాం. పిడికిలి, ఎర్రటి సూర్యుడు, నేలరాలిన నక్షత్రం, అన్నీ పెట్టాం. సభలో జనం గొల్లుమన్నారు. దిగొచ్చాక ఆ కుర్రాడి తల్లి మా దగ్గరకొచ్చి, "మేష్టారూ, పాట బాగుందయ్యా. మా వోడు మాత్రం దాంట్లో లేడు" అంది. మేం మాట్లాడలేదు. "మా వోడికి చేప పులుసంటే పేనం. అక్కతో జగడం. పంచాయితీ ఆఫీసు టీవీ కాడ నుంచుంటే ఇంటికి రాడు. మీరు దేవుణ్ణి చేశారు. దేవుడు చస్తే నాకేంటి? నా కొడుకు చచ్చాడు" అంది. ఆ రాత్రి మాకు నిద్ర లేదు. మేం పాట కట్టింది ఆమె కొడుక్కి కాదు, మా కోపానికి.

ఆన్‌ను కూడా అట్లాగే దేవతను చేశారు. డైరీ చదివితే దేవత కాదు. వాగుడుకాయ. తల్లితో పడదు. పక్క కుటుంబం ఆమెను వెక్కిరిస్తుంది. బంగాళాదుంపలు తిని తిని విసుక్కుంటుంది. తన ఒంటి సంగతులు దాపరికం లేకుండా రాస్తుంది. మొదటి ముద్రణలో వాటిలో కొన్ని పేజీలు తండ్రే పక్కన పెట్టాడు. ఇంకో సంగతి: యుద్ధకాలం డైరీలు దాచండని 1944 మార్చిలో రేడియోలో విన్నాక, పుస్తకంగా రావాలని ఆ పిల్లే తన డైరీని దిద్ది తిరగరాసింది. తన మాట జనానికి చేరాలని తనే కోరుకుంది. కాబట్టి జనంలోకి తీసుకుపోవడం పాపం కాదు. ఎట్లా తీసుకుపోతామన్నదే ప్రశ్న.

పెద్దాయనకు ఒక మాట. చావు ముందు పాట తప్పయితే, టెరెజిన్ క్యాంపులో ఖైదీ పిల్లలే పాడిన పాటలను ఏమందాం? హాన్స్ క్రాసా కట్టిన 'బ్రుండిబార్' అనే పిల్లల సంగీత నాటకాన్ని అక్కడ 1943, 44లలో 55 సార్లు ఆడారు. ఆడిన పిల్లల్లో ఎక్కువమందినీ, క్రాసానూ ఔష్విట్జ్‌కు పంపి చంపారు. ఆ పాట వాళ్ల ఊపిరి. అదే ఆటను నాజీలు 1944లో రెడ్‌క్రాస్ వాళ్లకు చూపించి, క్యాంపులో అందరూ సుఖంగా ఉన్నారని నమ్మించారు. ఒకే పాట. పిల్లల నోట ఊపిరి, నాజీల చేతిలో ముసుగు. అందుకని పాట మంచిదా చెడ్డదా అని అడగొద్దు. ఎవరు పాడుతున్నారు, ఎవరికి పాడుతున్నారు, దేన్ని కప్పడానికి పాడుతున్నారు, అది అడగండి.

ఇక పిల్లలూ, మీరు కట్టేట్టయితే మేం చెప్పేవి నాలుగు.

ఒకటి. యూదు అన్న మాట మింగొద్దు. చంపినవాళ్లు నాజీలు, పట్టిచ్చినవాళ్లూ పట్టుకున్నవాళ్లూ ఉన్నారు. "కాలం చంపింది, యుద్ధం చంపింది" అని పల్లవి కట్టొద్దు. హాలెండ్‌లో ఉన్న లక్షా నలభై వేల యూదుల్లో లక్ష పైచిలుకు మందిని చంపారు. ఆ లెక్క చెప్పండి.

రెండు. ఆ పిల్లను నవ్వనివ్వండి. బుర్రకథలో హాస్యం చెప్పేవాడు ఎందుకున్నాడు? ఆ కొంటెతనం అతనికివ్వండి. నవ్విన పిల్ల పోతేనే జనానికి పోయినట్టు తెలుస్తుంది.

మూడు. వాళ్లు పగలంతా చప్పుడు చెయ్యకూడదు. కింద గోదాములో కూలీలుంటారు. చెప్పులు వేసుకుని నడవకూడదు, దగ్గు వచ్చినా ఆపుకోవాలి. అట్లాంటివాళ్ల చేత గుమ్మెటలు మోగించి గొంతెత్తి పాడిస్తే అబద్ధం. పగటి ఘట్టాల్లో వాద్యం ఆపెయ్యండి. గుసగుసగా మాటలే. రాత్రి ఆ పిల్ల కలం పట్టినప్పుడు, అప్పుడు పాట. ఆమెకు స్వేచ్ఛ దొరికిందక్కడే.

నాలుగు. డైరీ 1944 ఆగస్టు 1తో ఆగిపోయింది. క్యాంపులో ఆమె రాసింది లేదు. అక్కడ ఆమె నోట మీ పాట పెట్టొద్దు. తంబురా కింద పెట్టి, రాగం లేకుండా, ఏ తేదీన ఎక్కడికి తీసుకుపోయారో, ఎవరెవరు చనిపోయారో వరసగా చదవండి. తర్వాత ఊరుకోండి. చప్పట్లు అడగొద్దు.

చివరిగా ఒక సంగతి. ఆ తల్లి దగ్గరకు మేం మళ్లీ పోయాం. నోటుపుస్తకం తీసుకుని కూచున్నాం. ఆమె చెబుతుంటే రాసుకున్నాం. చేప పులుసు, అక్కతో జగడం, టీవీ, అన్నీ. పాట మారింది. నక్షత్రం పోయింది. కొట్టినవాళ్ల కులం వచ్చింది. ఇప్పుడు ఆమె కూడా కూచుని వింటుంది.

మన వాడల్లో డైరీలు లేవు. రాసుకునే చదువు మన అమ్మలకివ్వలేదు. మా ఇంట్లో సంతకం పెట్టింది మేమే మొదలు. అందుకని ఇక్కడ్నుంచి పోయాక ప్రతి దళం ఒక నోటుపుస్తకం కొనండి. పాట తర్వాత కట్టుకోవచ్చు. ముందు ఇంటింటికీ పోయి రాసుకోండి, తేదీతో, పేరుతో.

జై భీమ్!